1784లో కామన్స్ సభకు వెళ్లాలంటే ఏ సీటు మంచిది? కౌంటీయా, పెద్ద పట్నమా, దొర జేబులో బరోనా?

థామస్ రంబోల్డ్ పేరు ఉత్తర సర్కారుల చరిత్ర చదివేవాళ్లకు ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. 1778లో మద్రాసు గవర్నరుగా దిగాడు. సర్కారు జిల్లాలకు వెళ్లి జమీందారీల ఆదాయం ఎంతో, అక్కడి పరిస్థితి ఏమిటో విచారించాల్సిన సర్క్యూట్ కమిటీని ఆపేసి, జమీందార్లనే మద్రాసుకు రమ్మన్నాడు. విజయనగరం వ్యవహారం కూడా అలాగే మద్రాసులో తేలింది. నాకు ఆయన చాలాకాలం ఇంతవరకే తెలుసు. ఇక్కడికి రాకముందు ఇంగ్లండులో ఆయన ఒక ఎన్నిక గెలిచి పోగొట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

1774లో షాఫ్ట్స్‌బరీ అనే చిన్న పట్నంలో రంబోల్డ్, ఫ్రాన్సిస్ సైక్స్ కలిసి నిలబడ్డారు. ఇద్దరూ బెంగాల్లో సంపాదించి వెళ్లినవాళ్లే. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు ఎలాగో వాళ్ల బొమ్మలాటలో పంచ్ అలాగ, ఆ పంచ్ వేషం కట్టిన ఒక మనిషి తలుపు వెనక కూర్చుని, తలుపుకున్న కంతలోంచి ఒక్కొక్క ఓటరుకు ఇరవై గినీల పొట్లం అందించాడు, గినీ అంటే ఒక పౌండు ఒక షిల్లింగు. ఇచ్చిందెవరో తెలియదని రేపు ఓటర్లు ప్రమాణం చేసి చెప్పగలగాలని ఆ ఏర్పాటు. విచారణలో అంతా బయటపడి ఇద్దరి సీట్లూ పోయాయి, ఓడిన అభ్యర్థి అయిన మార్టిమర్, సైక్స్ మీద దావా వేసి 11,000 పౌండ్లు గెలుచుకున్నాడు. రంబోల్డ్ మాత్రం మూడేళ్లు తిరక్కుండానే మద్రాసు గవర్నరు.

జీతం లేని సీటు కోసం అంత డబ్బు ఎందుకు పోశారు, వేరే దారులు ఏమున్నాయి అని వెతకడం అక్కడ మొదలైంది. ఈ సంగతులు ఎవరికైనా చెబితే చివర్లో ఒకటే అడుగుతారు, "మరి వాటిలో ఏది మేలు?" అని. అందుకే దీన్ని ఎంపిక సలహాలాగే రాస్తున్నాను. మీరు 1784లో ఉన్నారనుకోండి, వయసు పాతికేళ్లు, పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌కు వెళ్లాలని గట్టిగా ఉంది. ఏ సీటు చూసుకోవాలి?

ముందు అర్హతలు. వయసు 21 నిండాలి, అయినా తర్వాత పేరుమోసిన నాయకుడైన చార్లెస్ ఫాక్స్ 19 ఏళ్లకే 1768లో మిడ్‌హర్స్ట్ నుంచి వచ్చి కూర్చున్నాడు, వాళ్ల నాన్న డబ్బుతో. స్త్రీలకు దారి లేదు, కేథలిక్కులకు లేదు. 1711 చట్టం ప్రకారం కౌంటీ, అంటే జిల్లా, సభ్యుడికి భూమి మీద ఏడాదికి 600 పౌండ్ల ఆదాయం ఉండాలి, బరో, అంటే సభ్యుల్ని పంపే హక్కున్న పట్నం, సభ్యుడికి 300. భూమి లేనివాళ్లు స్నేహితుల భూమిని కాగితాల మీద తమ పేరున రాయించుకుని ఈ గండం గట్టెక్కేవారు. ఒక వ్యవసాయ కూలీకి వారానికి ఏడెనిమిది షిల్లింగులు, అంటే ఏడాదంతా కష్టపడితే ఇరవై పౌండ్లు వచ్చే రోజులని గుర్తుంచుకుంటే 600 అంటే ఏమిటో తెలుస్తుంది.

సభలో మొత్తం 558 సీట్లు. ఇంగ్లండుకు 489, వేల్స్‌కు 24, స్కాట్లాండుకు 45. ఐర్లండుకు అప్పటికి డబ్లిన్‌లో దాని పార్లమెంటు దానికి ఉంది. ఈ సీట్లు జనాభాను బట్టి పంచినవి కావు, ఎప్పుడో మధ్యయుగాల్లో ఏ ఊరికి పిలుపు వచ్చిందో ఆ ఊరికి అలా ఉండిపోయాయి. అందువల్ల కార్న్‌వాల్ అనే ఒక్క కౌంటీలో 44 సీట్లు, స్కాట్లాండు దేశమంతటికీ కలిపి 45. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, లీడ్స్ లాంటి పెరుగుతున్న పట్నాలకు సొంతంగా ఒక్క సభ్యుడూ లేడు. డనిచ్ అనే రేవు పట్నంలో చాలా భాగం సముద్రంలో కలిసిపోయింది, దానికి ఇద్దరు సభ్యులు.

ఓటు రహస్యం కాదు. ఓటరు వేదిక మీదికెక్కి అందరూ వినేలా పేరు చెప్పాలి, అది పోల్ పుస్తకంలోకి ఎక్కుతుంది, చాలాచోట్ల ఆ పుస్తకాలను తర్వాత అచ్చు వేసేవారు. భూస్వామికి కౌలుదారు ఎవరికి వేశాడో తెలుస్తుంది, కొట్టుకు వచ్చే పెద్దింటి ఖాతాదారుకు కొట్టువాడు ఎవరికి వేశాడో తెలుస్తుంది. రహస్య ఓటు 1872 దాకా రాలేదు. కాబట్టి సీటు ఎంచుకునేటప్పుడు ఎంత ఖర్చవుతుందన్న లెక్క ఒక్కటే చాలదు. రేపు మీరు ఎవరికీ నచ్చని మాట మాట్లాడితే ఈ సీటు మీ దగ్గర్నుంచి ఎవరు లాక్కోగలరు? నేను ప్రతి రకం సీటునూ ఈ ప్రశ్నతోనే కొలిచాను.

కౌంటీ సీటుతో మొదలుపెడతాను, అందరూ ఎక్కువ గౌరవం ఇచ్చింది దానికే కాబట్టి. ఇంగ్లండులో 40 కౌంటీలు, ఒక్కోదానికి ఇద్దరు సభ్యులు. ఏడాదికి 40 షిల్లింగుల విలువ చేసే సొంత భూమి ఉన్న మగవాడికల్లా ఓటు. 15వ శతాబ్దంలో పెట్టిన హద్దు అది, డబ్బు విలువ తగ్గుతూ వచ్చేసరికి చిన్న చిన్న రైతులూ అందులోకి వచ్చేశారు. యార్క్‌షైర్‌లో అయితే ఓటర్లు 20,000 దాకా ఉండేవారు. ఇలాంటిచోట గెలిచి వచ్చినవాడు సభలో లేచి నిలబడితే విలువే వేరు. వాడి వెనక ఒక జిల్లా జిల్లా ఉందని అందరికీ తెలుసు.

కానీ అందరినీ యార్క్ పట్నానికి చేర్చాలి, దారి ఖర్చులు పెట్టాలి, బస చూపించాలి, తిండి, బీరు, అన్నీ అభ్యర్థి నెత్తినే. అందుకే పెద్ద కుటుంబాలు ముందే కూర్చుని నీకొకటి నాకొకటి అని మాట్లాడేసుకునేవి, పోలింగ్ దాకా పోనిచ్చేవి కావు. యార్క్‌షైర్‌లో అరవై ఏళ్లకు పైగా పోలింగే జరగలేదు. చివరికి 1807లో జరిగినప్పుడు రెండు పెద్ద ఇళ్లు చెరొక లక్ష పౌండ్ల దాకా ఖర్చు పెట్టాయని చెబుతారు.

మరి ఒక వర్తకుడి కొడుకు అక్కడికి ఎలా చేరాడు? విల్బర్‌ఫోర్స్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన 1780లో 21 నిండీ నిండగానే సొంత ఊరు హల్‌లో నిలబడ్డాడు. హల్‌లో ఓటు ఫ్రీమెన్‌ది, అంటే ఊరి సంఘంలో సభ్యత్వం ఉన్నవాళ్లది, తండ్రి నుంచి కొడుక్కో పనినేర్పు పూర్తి చేసినందుకో వచ్చేది. ఓటుకు రెండు గినీలు అక్కడి మామూలు, తనకున్న రెండు ఓట్లలో రెండోది ఎవరికీ వేయకుండా ఒక్కరికే వేస్తే నాలుగు, లండన్ నుంచి వచ్చి వేసేవాళ్లకు దారి ఖర్చులు అదనం. 8,000 పౌండ్ల పైచిలుకు పోశాడు, 1,126 ఓట్లు వచ్చాయి, మిగతా ఇద్దరికీ కలిపితే వచ్చింది సరిగ్గా అంతే. నాలుగేళ్ల తర్వాత 1784 మార్చిలో యార్క్ కోట ఆవరణలో జరిగిన కౌంటీ సభలో ఈ బక్కపలచని మనిషి బల్ల మీదెక్కి మాట్లాడాడు. జనం ఆయన్నే కావాలన్నారు. చందాలు పోగయ్యాయి, అవతలివాళ్లు లెక్క చూసుకుని వెనక్కి తగ్గారు, పోలింగ్ లేకుండానే యార్క్‌షైర్ సభ్యుడయ్యాడు. 1812 దాకా అక్కడే ఉన్నాడు. బానిస వ్యాపారాన్ని నిషేధించాలని ఏటేటా తీర్మానాలు పెట్టి, 1791లో 163కు 88 ఓట్లతో ఓడి, 1807లో చట్టం వచ్చేదాకా పట్టు వదల్లేదు. లివర్‌పూల్ సీటు మీద కూర్చుని ఉంటే ఇది సాధ్యమయ్యేదా? ఆ రేవు బతుకుతున్నదే ఆ వ్యాపారం మీద. యార్క్‌షైర్ ఉన్ని నేతగాళ్లకు, రైతులకు అందులో పెద్దగా పోయేదేమీ లేదు, పైగా అక్కడి భక్తిపరులైన ఓటర్లు చాలామంది ఆయన వైపే ఉన్నారు. మీ పోరాటం మీ ఓటర్ల కడుపు మీద కొట్టనిదైతే, దానికి చందాలిచ్చే మనుషులు దొరికితే, కౌంటీని మించిన సీటు లేదు.

ఇక పెద్ద పట్నం. ఓటర్ల సంఖ్యలో వెస్ట్‌మినిస్టర్ అన్నిటికంటే పెద్ద బరో, స్థానిక పన్ను కట్టే ఇంటి యజమానులకల్లా ఓటు, 12,000 మంది దాకా. రాజభవనం ఉన్నది అక్కడే, పార్లమెంటు ఉన్నది అక్కడే, పత్రికలు పక్క వీధుల్లోనే. ఫాక్స్ 1780 నుంచి అక్కడి సభ్యుడు. ఈస్టిండియా కంపెనీ పాలనను పార్లమెంటు వేసిన కమిషనర్ల చేతిలో పెట్టాలని ఆయన తెచ్చిన ఇండియా బిల్లు 1783 డిసెంబరులో కామన్స్‌లో నెగ్గింది. దానికి ఓటేసినవాణ్ణి తన శత్రువుగా చూస్తానని మూడో జార్జి రాజు ఎగువ సభ అయిన లార్డ్స్‌కు కబురు పంపి 95కు 76తో ఓడించాడు, మంత్రివర్గాన్ని పంపించేసి 24 ఏళ్ల పిట్‌ను ప్రధానమంత్రిని చేశాడు. ఆ వెంటనే వచ్చింది 1784 ఎన్నిక. నలభై రోజులు పోలింగ్! డెవన్‌షైర్ డచెస్ జార్జియానా వీధుల్లో తిరిగి ఇంటింటికీ ఓట్లడిగింది. బూతు బొమ్మలు వేసి ఆమెను అవమానించారు. రెండు సీట్లకు ముగ్గురు పోటీ, ఫాక్స్, హుడ్, సెసిల్ రే. హుడ్‌కు 6,694, ఫాక్స్‌కు 6,234, సెసిల్ రేకి 5,998. ఫాక్స్ 236 ఓట్లతో గెలిచాడు.

గెలిచినా సీటు చేతికి రాలేదు. ఓట్లను మళ్లీ పరిశీలించాలంటూ ఎన్నికల అధికారి ధ్రువపత్రం ఆపేశాడు, అది 1785 మార్చి దాకా సాగింది. అన్నాళ్లూ ఫాక్స్ సభలో ఎలా ఉన్నాడంటే, స్కాట్లాండు ఉత్తర కొసన ఉన్న టెయిన్ బరోల సీటు ఒకటి స్నేహితులు ఆయనకు ముందే ఏర్పాటు చేసి ఉంచారు. ప్రజల మనిషి అని పేరుపడ్డ నాయకుణ్ణి ఆపదలో సభలో నిలబెట్టింది ఒక మూసిన సీటు, అంటే కొద్దిమంది గుప్పిట్లో ఉండే సీటు. ఈ ఒక్క సంగతి ఆ వ్యవస్థ గురించి చాలా చెబుతుంది. తర్వాత ఆ అధికారి మీద కేసు వేసి 2,000 పౌండ్ల నష్టపరిహారం రాబట్టాడు. పోలింగ్‌ను 15 రోజులకు మించి సాగదీయకూడదని 1785లోనే చట్టం కూడా వచ్చింది.

పెద్ద నియోజకవర్గంలో ఉండే బలం మీద మాత్రం నాకు అనుమానం లేదు. లండన్‌ను ఆనుకుని ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీనే తీసుకోండి. 1768లో, తన రాతల వల్ల జైలుపాలైన పత్రికా రచయిత జాన్ విల్క్స్‌ను గెలిపించారు. సభ 1769లో బహిష్కరించింది. మళ్లీ గెలిపించారు, మళ్లీ కాదన్నారు. చివరికి 1,143 ఓట్లు వచ్చిన విల్క్స్‌ను కాదని 296 వచ్చిన లట్రెల్‌ను సభ్యుడిగా ప్రకటించారు. ఆ కోపం దేశమంతా పాకింది. విల్క్స్ 1774లో తిరిగి సభకు వచ్చాడు, 1776లో ఓటు హక్కు విస్తరించాలని తీర్మానం పెట్టాడు, 1782లో ఆ పాత బహిష్కరణను సభ తన పుస్తకాల్లోంచి తనే కొట్టేసింది. మీ దగ్గర డబ్బు తక్కువ, గొంతు ఎక్కువ ఉంటే, జైలుకైనా సిద్ధపడితే, ఇలాంటి చోటే మీది.

అయితే పెద్ద పట్నానికి ఇంకో ముఖం ఉంది. బ్రిస్టల్‌లో దాదాపు 5,000 మంది ఫ్రీమెన్ ఓటర్లు. 1774లో ఎడ్మండ్ బర్క్‌ను ఎన్నుకున్నారు. గెలిచిన రోజే ఆయన వాళ్ల ముందు నిలబడి, సభ్యుడు మీకు ఇవ్వాల్సింది తన శ్రమ ఒక్కటే కాదు, తన వివేకం కూడా, దాన్ని మీ అభిప్రాయానికి బలిపెడితే మీకు సేవ చేసినట్టు కాదు, ద్రోహం చేసినట్టు అన్నాడు. ఆ మాట మీద నిలబడ్డాడు కూడా. ఐర్లండు వ్యాపారం మీద ఆంక్షలు సడలించాలన్నాడు, బ్రిస్టల్ వర్తకులకు మండింది. కేథలిక్కుల మీద ఉన్న శిక్షలు తగ్గించాలన్నాడు, ఇంకా మండింది. 1780లో మళ్లీ ఓట్లడగడానికి వెళ్లి, గాలి ఎటుందో చూసి, పోలింగ్‌కు ముందే తప్పుకున్నాడు. నేను బర్క్‌తో చాలా విషయాల్లో ఏకీభవించను, ఓటు హక్కు పెంచడాన్ని ఆయన జీవితమంతా వ్యతిరేకించాడు. కానీ బ్రిస్టల్‌లో ఆయన పోగొట్టుకున్నది న్యాయం పక్కన నిలబడ్డందుకే.

ఆ తర్వాత ఆయన ఎక్కడికి వెళ్లాడన్నదే అసలు ముఖ్యం. రాకింగ్‌హామ్ ప్రభువు చేతిలో ఉన్న మాల్టన్ అనే చిన్న బరోకి.

దొర జేబులో ఉండే బరోలంటే మనకు వెంటనే గుర్తొచ్చేది ఓల్డ్ సారం, ఊరే లేని మిట్ట, కొన్ని స్థలాల పట్టాలకు అంటుకున్న ఏడు ఓట్లు, ఇద్దరు సభ్యులు. అక్కడ ఆ స్థలాలు ఎవరు కొంటే వాళ్లదే సీటు. మాల్టన్ అలా కాదు, నిజమైన ఊరే, కాకపోతే ఆ ఊళ్లో ఆస్తి చాలావరకు ఆ దొరది. ఇలాంటి సీట్లకు పోటీ ఉండదు, ఖర్చు దాదాపు ఉండదు, ఓటరును మీరు చూడకపోయినా నడుస్తుంది. మీరు జవాబు చెప్పాల్సింది ఒక్క మనిషికి. కనుక ఆ మనిషి ఎవరన్నదే అంతా.

రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడండి. పిట్ 1780లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం సీటుకు నిలబడి అట్టడుగున వచ్చాడు. 1781లో సర్ జేమ్స్ లోథర్ ఆయనకు ఆపిల్‌బీ సీటు ఇచ్చాడు. షరతులేమీ లేవని, ఇద్దరి దారులూ వేరైతే మాత్రం ఇంకొకర్ని ఎంచుకునే అవకాశం ఆయనకివ్వాలన్నది ఒక్కటే మాట అని పిట్ తల్లికి ఉత్తరం రాశాడు. వినడానికి మర్యాదగానే ఉంది. ఆ లోథర్ చేతిలో తొమ్మిది సీట్లు ఉండేవి, వాటిలో కూర్చున్నవాళ్లను జనం లోథర్ ఆడుకునే నైన్‌పిన్స్ అనేవారు, బంతితో పడగొట్టే తొమ్మిది కర్ర పిన్నుల ఆట అది. 1788లో రాజుకు మతి చెదిరి, ఆయన బదులు ఎవరు పాలించాలన్న రీజెన్సీ గొడవ వచ్చినప్పుడు ఆయన ఇటు నుంచి అటు తిరిగాడు, పిన్నులూ తిరిగాయి. పిట్ అప్పటికే బయటపడ్డాడు కాబట్టి సరిపోయింది, 1784లోనే తనను కాదన్న కేంబ్రిడ్జిలో గెలిచి జీవితాంతం అక్కడే ఉండిపోయాడు.

రెండోది బర్క్. రాకింగ్‌హామ్ 1782లో పోయాక మాల్టన్ ఆయన మేనల్లుడు ఫిట్జ్‌విలియమ్ చేతికి వచ్చింది. 1791లో ఫ్రెంచి విప్లవం మీద బర్క్ ఫాక్స్‌తో తెగదెంపులు చేసుకున్నాడు, నిండు సభలో, పాతికేళ్ల స్నేహం, ఫాక్స్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఫిట్జ్‌విలియమ్ అప్పటికి ఫాక్స్ వైపే. అయినా బర్క్ సీటు పోలేదు. ఐదు వేలమంది ఓటర్లు ఇవ్వని స్వేచ్ఛ ఒక్క మనిషి ఇచ్చాడు. అది ఆ మనిషి మంచితనమే తప్ప హక్కు కాదు, అలాంటివాడు దొరక్కపోతే మీకు దొరికేది లోథరే.

మంత్రి పదవి మీద కన్నుంటే ఈ రకం సీటు వైపు మొగ్గడానికి ఇంకో కారణం ఉంది. రాజు దగ్గర జీతం వచ్చే పదవి తీసుకున్న సభ్యుడు సీటు వదిలి మళ్లీ గెలిచి రావాలని అప్పటి చట్టం. 1783 డిసెంబరులో ప్రధాని అయిన పిట్ కూడా ఆపిల్‌బీలో మళ్లీ ఎన్నికయ్యి జనవరిలో సభకు వచ్చాడు. వెస్ట్‌మినిస్టర్ లాంటి చోటైతే మంత్రి అయిన ప్రతిసారీ వేల ఓటర్ల ముందు మళ్లీ మొదటి నుంచీ మొదలే, ఆ టెన్షన్ ఎవరు పడతారు?

డబ్బిచ్చి కొనుక్కునే సీటు గురించి. 1767లో చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు కొడుకు కోసం ఒక సీటుకు 2,500 పౌండ్లు ఇస్తానని దళారిని అడిగితే వాడు నవ్వాడట, ఈస్టిండియా, వెస్టిండీస్ నుంచి వచ్చిన ధనవంతులు 3,000కు తక్కువ కాకుండా ఇచ్చి అన్నీ పట్టేసుకున్నారు, చాలామంది 4,000, ఇద్దరు ముగ్గురు 5,000 కూడా ఇచ్చారు అని. 1780ల్లో కూడా రేటు ఆ దరిదాపుల్లోనే. కొన్నవాడికి ఒక సుఖం ఉంది, డబ్బు చెల్లింది కాబట్టి ఎలా ఓటేస్తావని యజమాని సాధారణంగా అడగడు. నష్టమేమిటంటే సభ కాలపరిమితి ఏడేళ్లే అయినా రాజు ఎప్పుడైనా రద్దు చేయగలడు. 1780 సభ 1784 మార్చిలో రద్దయింది, నాలుగేళ్లు కూడా నిండలేదు. కొంటే ఏడేళ్లకని ఒకేసారి కట్టకండి, ఏడాదికింత అని మాట్లాడుకోండి.

ప్రభుత్వం చేతిలోని సీట్ల మీద ఎక్కువ చెప్పను. ఓడల కార్ఖానాలున్న రేవుల్లో నౌకాదళం మాట చెల్లేది. 1782లో క్రూ చట్టం వచ్చి పన్నులు, సుంకాలు వసూలు చేసే ఉద్యోగులకు ఓటు తీసేశాక ఆ పట్టు కొంత సడలింది. అక్కడ కూర్చుంటే మంత్రివర్గం ఎటు చెబితే అటే ఓటు వేయాలి. దానికి మీరు ఎందుకు? స్కాట్లాండు సీట్లు కూడా అంతే, కౌంటీలన్నిటిలో కలిపి ఓటర్లు మూడు వేలు దాటరు, ఎడిన్‌బరో పట్నం సభ్యుణ్ణి ఎన్నుకునేది 33 మంది కౌన్సిలర్లు. అంతా హెన్రీ డండాస్ గుప్పిట్లో నడిచేది.

డండాస్ పేరు వచ్చింది కాబట్టి మళ్లీ మద్రాసుకు రావాలి. ఆర్కాటు నవాబు మహమ్మదలీ దగ్గర కంపెనీ ఉద్యోగులు పెద్ద పెద్ద వడ్డీలకు అప్పులిచ్చారు. ఆ అప్పులకు తాకట్టు ఆయన రాజ్యంలోని భూమిశిస్తు, నెల్లూరు కూడా ఆ రాజ్యంలోదే. అప్పులిచ్చినవాళ్లలో పేరుమోసిన పాల్ బెన్‌ఫీల్డ్ 1780లో క్రిక్‌లేడ్ నుంచి సభలోకి వచ్చాడు, తనతో కలిపి ఎనిమిదిమంది సభ్యుల్ని అతను తయారు చేశాడని బర్క్ 1785 ఫిబ్రవరి 28న సభలో నిలబడి చెప్పాడు. నవాబు అప్పులన్నిటినీ విచారణ లేకుండా ఒప్పేసుకున్న పిట్ ప్రభుత్వం మీద ఆ రోజు ఆయన చేసిన ప్రసంగం చదివితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడ రైతు కట్టిన శిస్తు వడ్డీగా మారి, ఆ వడ్డీ సీటుగా మారి, ఆ సీటు ఓటుగా మారి ఆ అప్పును కాపాడింది. రంబోల్డ్ మీద విచారణ నడిపి, శిక్షించాలని 1782లో బిల్లు పెట్టింది డండాసే. అది సాగి సాగి 1783లో మూలపడింది, రంబోల్డ్ ఆ తర్వాత కూడా సభలో సభ్యుడిగానే ఉన్నాడు.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి? మీ వెనక ఒక ఉద్యమం ఉంటే, ఓపిక ఉంటే కౌంటీ. జనం ముందు నిలబడి తిట్లు, రాళ్లు తినగలిగితే వెస్ట్‌మినిస్టర్, కాకపోతే ఫాక్స్‌లాగా ఇంకో సీటు చేతిలో పెట్టుకుని దిగండి. మంత్రి కావాలంటే విశ్వవిద్యాలయం సీటు, ఆ ఓటర్లు పట్టభద్రులు, చాలామంది మతాధికారులు, ఒకసారి నమ్మితే మారరు, పిట్ చేసింది అదే. హల్ లాంటి మధ్యరకం పట్నాలకు సొంత ఊరివాళ్లయితేనే వెళ్లండి, పరాయివాడికి అక్కడ ఖర్చుకు అంతుండదు.

ఏది ఎంచుకున్నా డబ్బు తీసేముందు రెండు సంగతులు కనుక్కోండి. ఆ సీటులో చివరిసారి నిజంగా పోలింగ్ జరిగింది ఎప్పుడు, ఫిర్యాదు వెళ్లి ఎన్నిక రద్దయిన చరిత్ర ఉందా. 1770 గ్రెన్‌విల్ చట్టం తర్వాత ఫిర్యాదుల్ని విచారించేది చీట్లు తీసి ఎంచిన సభ్యుల కమిటీ, అది ప్రమాణం చేసి కూర్చుంటుంది, పాత రోజుల్లోలాగా సభలో మెజారిటీ మీ పార్టీదే కదా అని ధీమాగా ఉండటానికి లేదు. షాఫ్ట్స్‌బరీలో జరిగింది అదే.

నన్ను అడిగితే మాత్రం నేను వేరే ప్రశ్నతో ఎంచుకుంటాను. నెల్లూరు శిస్తు గురించి, విజయనగరం గురించి మాట్లాడాలంటే ఏ సీటు నుంచి మాట్లాడగలను? బ్రిస్టల్ నుంచి ఆ ధైర్యం చాలదు. యార్క్‌షైర్‌కు ఆ పేర్లు తెలియవు. బెన్‌ఫీల్డ్‌ను డబ్బుతో సభలోకి రానిచ్చిన ఆ వ్యవస్థలోని మూసిన సీటే ఆర్కాటు అప్పుల మీద లేచిన గొంతునూ తెచ్చింది. కాబట్టి ఇష్టం లేకుండానే మాల్టన్ అంటాను. పిట్ 1785 ఏప్రిల్‌లో ఇలాంటి 36 చిన్న బరోల్ని పది లక్షల పౌండ్ల పరిహారమిచ్చి రద్దు చేసి, ఆ 72 సీట్లు కౌంటీలకూ లండన్‌కూ ఇద్దామన్నాడు. నేను సభలో ఉంటే మాల్టన్ సీటులో కూర్చునే దానికి అనుకూలంగా ఓటేసేవాణ్ణి. 248కి 174తో అది ఓడిపోయింది. బర్క్ కూడా ఆ సంస్కరణకు వ్యతిరేకి.

1794 వేసవిలో బెంగాల్ మాజీ గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ విచారణలో చివరి ప్రసంగం తొమ్మిది రోజులపాటు చేసి బర్క్ సభ నుంచి తప్పుకున్నాడు, మాల్టన్ కొడుకు రిచర్డ్‌కు వచ్చింది, ఆగస్టు 2న ఆ కొడుకు చనిపోయాడు. అదే ఏడాది జులై 10న, విశాఖపట్నం, విజయనగరాల మధ్య పద్మనాభంలో, కంపెనీ సేన కాల్పుల్లో విజయనగరం జమీందారు చిన్న విజయరామరాజు కూలిపోయాడు.